తునికిగూడ ఉన్న పటం

మొన్న ఆదివారం పొద్దున జగిత్యాలలో మా అమ్మాయి వాళ్ళింటి వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, మనవరాలు తన ఫోను తెచ్చి నా ఒళ్ళో పెట్టి, ఏ ఊరి పేరు చెప్పినా ఆకాశంలోంచి చూపిస్తానంది. ముందు సిరిసిల్లలో మేము పుట్టి పెరిగిన వీధి చూపించింది, తర్వాత కోరుట్లలో నేను ముప్ఫై ఏళ్ళకు పైగా బీడీలు చుట్టిన ఇంటి రేకుల కప్పు చూపించింది, ఆ కప్పు మీద పడేసిన పాత సైకిలు టైరు కూడా కనిపించేసరికి నాకు నవ్వు ఆగలేదు. ఇంకో ఊరు చెప్పమంటే, అనుకోకుండానే నా నోట తునికిగూడ అని వచ్చింది. ఆ పిల్ల రెండు మూడు రకాలుగా కొట్టి చూసి అలాంటి ఊరే లేదంది. నేనే దారి చెప్పి గోదావరి దాటించి, కొండల్లోకి నడిపించి, కొడవలిలా వంగిన ఒక వాగు దగ్గర ఆపమన్నాను. అక్కడ పచ్చని చెట్ల తలలు తప్ప మరేమీ లేవు.

"గక్కడ ఏం లేదు అమ్మమ్మా, అంత అడివే," అంది.

నా వయసు వాళ్ళు ఈ మాట అర్థం చేసుకుంటారు: కొన్ని మాటలు అరవై ఏళ్ళ తర్వాత కూడా మొదటిసారి విన్న చోటికే మనల్ని తీసుకుపోతాయి. అక్కడేమీ లేదన్న మాట నేను చిన్నప్పుడు మా ఇంట్లో లెక్కలేనన్నిసార్లు విన్నాను. అది విన్నప్పుడల్లా మా బాపమ్మ, అంటే మా నాన్నను కన్నతల్లి, పెదవి బిగించి ఇంకో పనిలోకి పోయేది.

బాపమ్మ పుట్టింది గోదావరి అవతలి కొండల్లో. అక్కడ నాలుగైదు నేతపని ఇళ్ళు ఉండేవట, కొండ మీది వాళ్ళకు ముతక బట్టలు నేసి ఇచ్చి, బదులుగా జొన్నలూ ఇప్పపువ్వూ తెచ్చుకునేవారట. ఆమెకు ఆరేడేళ్ళప్పుడు గత్తర, అంటే కలరా, వచ్చి వారం రోజుల్లో ఊరు సగమైంది. మిగిలిన వాళ్ళు చేతికి అందింది పట్టుకుని తలో దిక్కు దిగిపోయారు. తండ్రి ఆమెను భుజాల మీద ఎక్కించుకుని నది దాటి, వెల్గటూరు దగ్గర తన అక్క ఇంట్లో దించి, ఆ ఏడాదే పోయాడు. అక్కడి నుంచి ఆమె సిరిసిల్లకు మా తాత ఇంటికి కోడలై వచ్చింది. పిల్లలు లేని ఆ మేనత్త కూడా కొన్నాళ్ళకు పోయింది, ఆ తర్వాత ఆమె పుట్టిన ఊరి మనిషి ఒక్కరు కూడా ఆమెకు ఎదురుపడలేదు.

మా దిక్కు ఒడిబియ్యం అనే ఆచారం ఉంది. పెళ్ళయిన ఆడబిడ్డకు మూడేళ్ళకో అయిదేళ్ళకో తల్లిగారింటి వాళ్ళు కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు ఆమె కొంగులో పోసిపోతారు. మరునాడు ఆ బియ్యం వండి నలుగురినీ పిలిచి పెడతారు. మా అమ్మకు పోసేవారు, మా మేనత్తలకు మా ఇంట్లోనే పోసేవారు. ఒక్క బాపమ్మకే పోసేందుకు ఎవరూ లేరు. ఇంట్లో ఎవరి ఒడిబియ్యం జరిగినా ఆమె రాట్నం ఎత్తుకుని పెరటి వసారాలోకి పోయి నూలు కండెలు చుట్టుకుంటూ కూర్చునేది. పిలిస్తే, నూలు తెగుతున్నదనేది.

అదే వాకిట్లో చిన్న బాపమ్మ కూడా ఉండేది. ఆమె మా తాత తమ్ముడి భార్య, ఇద్దరూ తోడికోడళ్ళు. చిన్న బాపమ్మ అన్నలు ఎల్లంతకుంట నుంచి మూడేళ్ళకోసారి రెండు బండ్లు కట్టుకుని దిగేవారు. ఆమె మనసు చెడ్డది కాదు కాని నోరు మంచిది కాదు. వచ్చిన చుట్టాల ముందర మా బాపమ్మను చూపించి, "మా అక్కది ఊరు గాదు, కత. ఎవలన్న సూసిండ్రా, ఎవలన్న పోయిండ్రా? గోదారిల కొట్టుకచ్చిందో ఏందో," అనేది.

"కొట్టుకచ్చినా నీకంటె ముందే అచ్చిన గదనే గీ ఇంటికి," అని బాపమ్మ అనేది. అందరూ నవ్వేవారు. బాపమ్మ కూడా నవ్వేది, కాని ఆ రాత్రి అన్నం సగమే తినేది. ఒక మనిషికి ఊరు లేకపోవడం ఎంత పెద్ద లోటో నాకు అప్పుడే తెలిసింది. ఎక్కడికి పోయినా మన దగ్గర మొదట అడిగేది ఏ ఊరు, ఎవరి బిడ్డ అనే కదా.

నా బడి ఏడో తరగతితో ఆగింది. ఆగింది బడే కాని చదువు కాదని ఇప్పటికీ కొంచెం గర్వంగానే చెప్పుకుంటాను. పొద్దున్నుంచీ ఇంట్లో కండెలు చుట్టడం నా పని. తాత ఇంకా చేతిమగ్గం మీదే ఉండేవాడు, బాపు, అంటే మా నాన్న, సాంచాల మీదికి, అంటే మరమగ్గాల మీదికి, మారాడు. కరెంటు సాంచాలు నడిచినంతసేపు మా ఊళ్ళో పక్కనున్న మనిషి మాట కూడా వినిపించేది కాదు. కరెంటు పోయిందంటే ఒక్కసారిగా ఊరంతా మూగబోయేది, పిచ్చుకల అరుపులు బయటపడేవి, నేను చేతులు దులుపుకుని రెండు వీధుల అవతల ఉన్న గ్రంథాలయానికి పరుగెత్తేదాన్ని. ఆడపిల్లలు అక్కడికి వచ్చేవారు కారు. లైబ్రరీ సారు పత్రికల బల్లకు వెనక, బీరువాల చాటున నాకొక స్టూలు వేయించాడు. మొదటి బీరువా మొదటి అరతో మొదలుపెట్టి వరుసగా చదువుకుంటూ పోయాను. ఖగోళం అయింది, పశువైద్యం అయింది, భూగోళం అయింది. ఇంగ్లీషు పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి నిఘంటువు పక్కన పెట్టుకునేదాన్ని, ఒక్కో వాక్యానికి ఒక కండె చుట్టినంత సేపు పట్టేది.

చివరి బీరువా మీద ఒక రేకుపెట్టె ఉండేది. అందులో పది పన్నెండు పాత పటాలు, గోదావరి అవతలి కొండలవి. అడవి శాఖలో పనిచేసి, చివరికి మా ఊళ్ళో స్థిరపడిన ఒక పెద్దాయన పోయాక వాళ్ళ ఇంటివాళ్ళు గ్రంథాలయానికి ఇచ్చారట. మైలును అంగుళంగా కుదించి ఎన్నడో అచ్చువేసిన పటాలవి. సంచిలో మడిచి పెట్టుకుని అడవుల్లో తిరిగేందుకు వీలుగా కాగితం వెనక సన్నని గుడ్డ అంటించి ఉండేది. అచ్చు మీద ఎక్కడ పడితే అక్కడ ఎర్రసిరాతో చేతిరాత ఉండేది. ఆ పెద్దాయన తాను నడిచిన చోటల్లా దిద్దుకున్నాడన్నమాట. ఈ వాగు ఎండింది, ఈ బాట మూసుకుపోయింది, ఈ గూడెం లేచిపోయింది అని.

"అచ్చు ఇంకేడన్న దొరుకుతది బిడ్డా. గీ ఎర్రసిరా మాత్రం దునియాల ఇదొక్కటే," అని సారు పటం మడతలు విప్పినప్పుడల్లా చెప్పేవాడు.

ఆ పటాల మీద మట్టిరంగు గీతలు వేలిముద్రల్లా చుట్టలు చుట్టుకుని ఉండేవి. అవేమిటో భూగోళం పుస్తకంలోనే దొరికింది: ఒకే ఎత్తున ఉన్న చోట్లన్నీ కలుపుతూ గీసిన గీతలవి, కావాలంటే గిన్నెలో మట్టిముద్ద పెట్టి, వేలెడు వేలెడు నీళ్ళు పోస్తూ, నీరు నిలిచిన ప్రతిసారీ అంచు వెంట గీత గీసి పైనుంచి చూడండి అని రాశారు. ఇంటికి వచ్చి ఆ పని మొదలుపెట్టాను. నేను బంకమట్టితో కొండ చేస్తుంటే బాపమ్మ రాట్నం ఆపి కాసేపు చూసి, వచ్చి నా పక్కన చతికిలబడి, నా కొండను అరచేత్తో నొక్కేసింది.

"గిట్ల ఏడ ఉంటదే గుట్ట? మా ఊరి గుట్టకు రెండు మూపురాలు. గీ దిక్కు చిన్నది, గా దిక్కు పెద్దది. నడుమ నుంచి వాగు అస్తది," అంది. ఆ ముద్దతోనే రెండు మూపురాలు ఎత్తింది, గోరుతో వాగు గీసింది, వాగు ఒంపులో చిన్న గుంట చేసి ఇక్కడే మా ఇండ్లంది. నేను నీళ్ళు పోసి గీతలు గీశాను. పైనుంచి చూస్తే రెండు వేలిముద్రలు పక్కపక్కన, వాటి చుట్టూ కొడవలిలా ఒక వాగు. ఆ బొమ్మను నా నోటుబుక్కులో ఎక్కించుకుని, మరునాటి నుంచి కరెంటు పోయినప్పుడల్లా ఒక పటం విప్పాను.

ఆ వానాకాలమంతా పట్టింది. ఒకే రకం గుట్టలు ఎన్ని ఉన్నాయో, ఒంపు తిరిగిన వాగులు ఎన్ని ఉన్నాయో. ఆఖరికి ఒక మధ్యాహ్నం, తొమ్మిదో పటం కింది మూలలో, రెండు వేలిముద్రలు, వాటిని చుట్టిన కొడవలి, ఆ ఒంపులో మూడు నల్లటి చుక్కలు, పక్కన చీమతలకాయంత అక్షరాల్లో తునికిగూడ. నా గుండె సాంచాలా కొట్టుకుంది. అయితే ఆ పేరు మీద అడ్డంగా ఒక ఎర్రగీత ఉంది. పక్కన ఎర్రసిరాలో ఒకే ఒక ఇంగ్లీషు మాట. నిఘంటువు తీశాను. మనుషులు విడిచిపోయినది అని అర్థం.

నిఘంటువు మూశాను. ఊరు ఉండేదని ఆ పటం సాక్ష్యం చెబుతుంది, ఇక బాపమ్మను కథల మనిషి అనేవాళ్ళ నోళ్ళు మూతపడతాయి. కాని ఆ ఎర్రగీత మాటేమిటి? ఎన్నడో ఒకనాడు ఆ కొండ దిగి ఎవరో ఒకరు తన కొంగులో బియ్యం పోయడానికి వస్తారని ఆమె లోలోపల ఎదురుచూస్తున్నదని నా నమ్మకం. ఆ ఆశను నా చేతులతో తుంచాలా? ఆలోచించి ఆలోచించి, పటాన్ని ఇంటికి తీసుకుపోయి, ఎర్రగీత మీద బొటనవేలు అడ్డం పెట్టి చూపించాలని తేల్చుకున్నాను. పక్కనున్న ఆ మాట చదవడానికి బాపమ్మకు చదువు రాదు. చిన్న బాపమ్మకు అసలే రాదు.

పటం మడతల దగ్గర గుడ్డ చిరిగి, అప్పటికే నాలుగు ముక్కలుగా వేలాడుతున్నది. మా బాపు కొత్త గుడ్డ వేసి అంటిస్తాడు, గంజి పనిలో మా వీధిలో ఆయనంత వాడు లేడని సారుతో చెప్పాను. అది నిజమే. ఇంటికి తీసుకుపోవడానికే చెప్పానన్నది మాత్రం చెప్పలేదు. సారు పటాన్ని పాత పత్రికలో చుట్టి నా చేతికిస్తూ, "వారం రోజులు. దీనికేమన్న అయిందనుకో, నా నౌకరి పోతది, నీ స్టూలు పోతది," అన్నాడు.

బాపుకు ఇచ్చి, జాగ్రత్త అని పదిసార్లు చెప్పి, నేను వెనక్కి పోయి కండెలు చుట్టుకుంటున్నాను. గంట తర్వాత వచ్చి చూస్తే వాకిట్లో ఇత్తడి గంగాళం, అందులో గోరువెచ్చని నీళ్ళు, ఆ నీళ్ళలో పటం. నీళ్ళన్నీ గులాబి రంగు.

నేను గంగాళం దగ్గరికి ఉరికాను. బాపు మాత్రం నింపాదిగా బీడీ తాగుతూ, "పాత గంజి పోకుంటె కొత్త గంజి ఎట్ల వడ్తదే?" అన్నాడు. ఆయన చేతికి వచ్చింది గుడ్డ, గుడ్డకు అంటుకుని ఒక కాగితం ఉంది, అంతే. గుడ్డను బాగుచేయాలంటే ముందు పాత గంజి వదిలించాలన్నది ఆయనకు పుట్టుకతో వచ్చిన చదువు. ఎర్రసిరా పోయిందని నేను ఏడుపు గొంతుతో అంటే, గంగాళంలోకి తొంగి చూసి, "అది కచ్చారంగు. పక్కా రంగయితె దిగుతదా? సూడు, నల్లది దిగలే, మట్టిరంగు దిగలే," అని మెచ్చుకున్నాడు కూడా.

ఆ తర్వాత ఆయన చేసిన పని మాత్రం చూడాల్సిందే. కాగితాన్ని గుడ్డ నుంచి పొరలా విడదీసి, పలక మీద బోర్లా పరిచి, పలుచటి గంజిని పడుగుకు రాసే కుంచెతో పూసి, కొత్త మల్లుగుడ్డ వేసి, ఒక్క ముడత లేకుండా అరచేత్తో నిమిరాడు. రెండు రోజులు నీడన ఆరింది. నాలుగు ముక్కలూ ఒకటయ్యాయి. ఎక్కడా ఒక్క ఎర్రచుక్క లేదు. ఆ పెద్దాయన కొట్టేసిన గూడేలన్నీ, మూసేసిన బాటలన్నీ మళ్ళీ తెరుచుకుని అచ్చులో ఉన్నట్టే ఉన్నాయి. సారుకు ఏం చెప్పాలన్న భయం పట్టుకుంది. దాని అడుగున, సిగ్గుపడుతూనే చెబుతున్నాను, కొంచెం సంతోషం కూడా ఉంది. ఇక బొటనవేలు అడ్డం పెట్టనక్కరలేదు.

సాయంత్రం వాకిట్లో చాప మీద పటం పరిచి బాపమ్మను కూర్చోబెట్టాను. ఆమె వేలు పట్టుకుని గోదావరి మీద పెట్టి, పైకి నడిపిస్తూ కొడవలి వాగు మొదట్లోకి తెచ్చాను. అక్కడ ఆమె నా చేయి వదిలించుకుంది. వేలు తానే నడిచింది. రెండు మూపురాలూ తడిమింది, నడుమ నుంచి కిందికి దిగింది, నల్లచుక్కలు దాటి కొంచెం కుడికి జరిగి ఆగింది.

"గీడ రాతిబాయి ఉండాలె," అంది.

ఆమె వేలు ఎత్తి చూశాను. కింద ఆవగింజంత నీలిచుక్క. బావి గుర్తు అదేనని నాకు తెలుసు, నేను ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. మా వెనక నిలబడి చూస్తున్న చిన్న బాపమ్మ నోట మొదటిసారి ఎత్తిపొడుపు రాలేదు. వంగి ఆ చుక్కను చూసి, మా బాపమ్మ మొహం చూసి, "ఉన్నదే అక్కా," అని లోపలికి వెళ్ళిపోయింది.

నాలుగో రోజు పొద్దున చిన్న బాపమ్మ తలస్నానం చేసి, కొత్త చీర, పసుపు బియ్యం, కుడుకలు పళ్ళెంలో పెట్టుకుని మా గడప ముందు నిలబడింది. బాపమ్మ అలవాటుగా రాట్నం అందుకోబోయింది.

"ఏడికి ఉరుకుతున్నవ్? కూసో," అంది చిన్న బాపమ్మ. "గా గుట్ట దిగి ఎవలో అచ్చేదాక కూసుంటె బియ్యం పురుగు వడ్తయి. మా అన్నలు నాకు మస్తుసార్లు పోసిండ్రు. గీ ఒక్కపూట నేను గా ఊరిదాన్నే అనుకో. పట్టు, కొంగు పట్టు."

బాపమ్మ కొంగు పట్టింది. మగ్గం గుంటలో ఉన్న తాతకు చెవులు సరిగా వినపడవు, సందడి చూసి, "ఎవలచ్చిండ్రే?" అని గట్టిగా అడిగాడు. "మా తల్లిగారు," అని బాపమ్మ అంతకన్నా గట్టిగా చెప్పింది.

మరునాడు ఆ బియ్యం వండారు. వీధిలో సగం మంది తిన్నారు. నేను మాత్రం విస్తరి ముందు కూర్చోకుండా వడ్డిస్తూ తిరిగాను. అందరూ వెళ్ళాక బాపమ్మ గిన్నెలు బోర్లిస్తుంటే పక్కన కూర్చుని, ఎర్రగీత సంగతి, ఆ మాట సంగతి, గంగాళంలో అది కరిగిపోయిన సంగతి, నేను దాచిన సంగతి అంతా చెప్పేశాను. ఆమె కూలిపోతుందనుకున్నాను. ఆమె గిన్నె పక్కన పెట్టి నన్ను జాలిగా చూసింది.

"ఎవలన్న ఉన్నరని నేనెప్పుడన్న అన్ననా బిడ్డా? మా బాపు బుజాల మీద కూసోని ఎనక్కి సూసుకుంట అచ్చిన. పొయిలు గూడ ఆరిపోయినయి. ఉన్నదనలే. ఉండె అన్న. గంతే అన్న. గా ఒక్క మాటే ఎవలు నమ్మకపోయిరి."

గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకుని, ఎర్రసిరాతో రాసినాయన అక్కడిదాకా నడిచిపోయాడా అని అడిగింది. పోకుండా రాయడు కదా అన్నాను.

"అయితె మావోళ్ళ తర్వాత ఒకలన్న పోయి, ఎవలున్నరో అని సూసచ్చిండ్రన్నట్టు. గాయిన మాట చెరపద్దు. మల్ల రాయి," అంది.

వారం నిండిన రోజున పటాన్ని సారు బల్ల మీద పెట్టాను. ఆయన మడతలు విప్పుతూ బాపు పనితనం చూసి తల ఊపాడు, ఊపుతూ ఊపుతూనే ఆగిపోయాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, పటం ఈ మూల నుంచి ఆ మూల దాకా వెతికాడు. నేను నేలచూపులు చూస్తూ జరిగిందంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది. సొరుగులోంచి ఎర్రసిరా కలం తీసి నా ముందు పెట్టి, ఎన్ని యాదికుంటే అన్ని రాయమన్నాడు.

వానాకాలమంతా ఆ పటాలు చూసిన నాకు ఆ ఎర్రరాతల్లో ఒక్కటే గుర్తుంది. ఒక మనిషి నడిచి నడిచి ఆ పటం మీద రాసుకున్నదాంట్లో నాకు మిగిలింది, చెరిగిపోవాలని నేను కోరుకున్నది, అదొక్కటే. తునికిగూడ మీద సన్నగా, కింది అక్షరాలు కనపడేలా గీత గీశాను. ఆ ఇంగ్లీషు మాట ఉన్నచోటే రాశాను. కలం పెట్టేయబోయి, మళ్ళీ వంగి దాని కింద తెలుగులో "అంతకుముందు ఉండేవారు" అని రాశాను.

సారు చదివి, "ఇది పెద్దాయన రాసింది గాదు గద," అన్నాడు.

"మా బాపమ్మది సార్," అన్నాను.

ఆయన సిరా ఆరేదాకా నోటితో ఊదాడు. పటం మడిచి పెట్టెలో పెట్టాడు. నా స్టూలు నా పెళ్ళయ్యేదాకా అక్కడే ఉంది.

తర్వాత నేను కోరుట్ల వచ్చాను, పాతికమంది ఆడవాళ్ళతో కూర్చుని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టాను. ఆ ఆకు ఏ కొండ మీది నుంచి వచ్చిందోనని అప్పుడప్పుడూ వాసన చూసేదాన్ని. పెద్దవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. బాపమ్మ పోయిన రోజు చిన్న బాపమ్మే ఆమె తల దగ్గర కూర్చుంది. కొన్నేళ్ళ కిందట సిరిసిల్ల వెళ్ళినప్పుడు గ్రంథాలయానికి పోయి ఆ రేకుపెట్టె గురించి అడిగాను. కొత్త భవనం, చల్లని గచ్చు, మంచి కుర్చీలు, వాటి నిండా పరీక్షలకు చదువుకునే ఆడపిల్లలు. అది చూసి కడుపు నిండింది. పెట్టె సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

ఇప్పటి పటాన్ని నేను తప్పు పట్టను. అక్కడ ఇవాళ అడవే ఉంది, అది అడవే చూపించింది. నడిచిపోయిన మనిషి ఏదైనా రాసిపెట్టుకోవడానికి అందులో జాగా ఉందో లేదో నాకు తెలియదు, మనవరాలిని అడగలేదు. ఆ పిల్ల స్నానానికి వెళ్ళాక, ఒళ్ళో వెలుగుతున్న ఆ పచ్చదనం మీద, కొడవలి వాగు ఒంపులో, అప్పుడు ఎర్రగీతను కప్పుదామనుకున్న ఈ బొటనవేలునే మెల్లగా ఆనించాను. కాగితం అయితే ఎంతసేపు వేలు పెడితే అంతసేపు కదలకుండా ఉండేది. ఈ కొండ నా వేలి కింది నుంచి జారి పక్కకు వెళ్ళిపోయింది. వెనక్కి లాగబోయాను, ఇంకా దూరం పోయింది. చిక్కుడుకాయల చేటను పక్కకు జరిపి, మళ్ళీ గోదావరి దగ్గర మొదలుపెట్టి, పైకి వెతుకుతూ కూర్చున్నాను.